దక్షత లెక్క: గీత ఎక్కడ గీస్తే జవాబు అక్కడ మారుతుంది

గీజర్ డబ్బా మీద 98 శాతం దక్షత అని ఉంటుంది. సోలార్ ప్యానెల్ అమ్మేవాళ్లు 21 శాతం అని గొప్పగా చెబుతారు. ఐదు నక్షత్రాల ఏసీ లేబుల్ మీద 5 అనే అంకె కనిపిస్తుంది; శాతంలోకి మారిస్తే అది 500. ఇందులో ఏదీ అబద్ధం కాదు. కానీ ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి ఏది మంచి యంత్రం అని తేల్చబోతే తప్పుదారి పడతాం. ఎందుకంటే మూడుచోట్లా లోపలికి వెళ్లిందని దేన్ని లెక్కపెట్టారో, బయటికి వచ్చిందని దేన్ని లెక్కపెట్టారో వేరువేరు.

గ్యాసా ఇండక్షనా, పెట్రోలా బ్యాటరీ బండా, ఎత్తిపోతల పథకాలు దండగా పండగా అనే వాదనలన్నిటిలోనూ ఈ చిక్కే ఉంది. ఇద్దరూ సరైన అంకెలే చెబుతారు. ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్కపెట్టాలన్న గీతను మాత్రం ఇద్దరూ వేరువేరు చోట్ల గీస్తారు.

యూనిట్, వాట్, దక్షత: మూడు వేరు సంగతులు

శక్తి అంటే పని చేయగల సత్తా. దాన్ని జౌళ్లలో కొలుస్తారు. జౌల్ చాలా చిన్నది కాబట్టి కరెంటు బిల్లులో యూనిట్ వాడతాం. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. గ్యాస్‌లో, బొగ్గులో, పెట్రోలులో, ఎత్తున నిలిచిన నీటిలో ఉన్న శక్తిని కూడా ఇదే యూనిట్లలో చెప్పుకోవచ్చు. ఈ వ్యాసంలో అన్నిటికీ అదే కొలత.

సామర్థ్యం (పవర్) అంటే ఆ శక్తి ఎంత వేగంగా ఖర్చవుతోందన్నది. దీన్ని వాట్లలో చెబుతారు. 1500 వాట్ల హీటర్ రాడ్ 20 నిమిషాలు పనిచేస్తే అర యూనిట్ కాలుతుంది. 75 వాట్ల పాత ఫ్యాన్ అదే అర యూనిట్ కాల్చడానికి దాదాపు 6 గంటల 40 నిమిషాలు పడుతుంది. ఎక్కువ వాట్లున్న వస్తువల్లా కరెంటు దుబారా చేస్తుందన్న అపోహ, ఈ రెంటినీ ఒకటిగా అనుకోవడం వల్ల వచ్చిందే.

ఇక దక్షత: మనకు పనికొచ్చిన శక్తిని మొత్తం ఇచ్చిన శక్తితో భాగిస్తే వచ్చేది. ఇందులో చూడాల్సిన మాట ‘పనికొచ్చిన’. శక్తి ఎక్కడికీ మాయమైపోదు. వంద యూనిట్లు లోపలికి వెళ్తే ఏదో ఒక రూపంలో వందా లెక్కకు రావాలి. ‘నష్టం’ అంటే మనకు అక్కర్లేని రూపంలోకి, ఎక్కువసార్లు వేడిలోకి, మారిపోయినది. అందుకే గీజర్‌కు 98 శాతం సులువుగా వస్తుంది. మిగతా యంత్రాల్లో నష్టంగా రాసుకునే వేడే గీజర్‌కు సరుకు.

రెండు లీటర్ల నీళ్లు, మూడు జవాబులు

30 డిగ్రీల దగ్గరున్న రెండు లీటర్ల నీటిని 100 డిగ్రీలకు తేవాలి. ఒక లీటరును ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.19 కిలోజౌళ్లు కావాలి. రెండు లీటర్లకు, 70 డిగ్రీలకు కలిపి సుమారు 586 కిలోజౌళ్లు, అంటే 0.16 యూనిట్లు. ఏ పొయ్యి మీద పెట్టినా నీటికి కావలసింది ఇంతే.

మన ప్రమాణాల ప్రకారం ఇంటి గ్యాస్ పొయ్యికి కనీసం 68 శాతం దక్షత ఉండాలి. అంటే గ్యాస్ నుంచి 0.24 యూనిట్లు వెలువడితే నీటికి 0.16 చేరుతుంది. కిలో ఎల్పీజీలో సుమారు 46 మెగాజౌళ్లు ఉంటాయి కాబట్టి దాదాపు 19 గ్రాముల గ్యాస్ ఖర్చు. ఇది ప్రయోగశాలలో, సరైన కొలత గిన్నెతో వచ్చే అంకె. చిన్న గిన్నె పెట్టి మంట చుట్టూ పైకి ఎగిసేలా తిప్పినా, కిటికీ గాలి తగిలినా ఇంకా పడిపోతుంది. ఇండక్షన్‌లో గిన్నె అడుగే వేడెక్కుతుంది కాబట్టి 85 శాతం దాకా వస్తుంది. దానికి 0.19 యూనిట్ల కరెంటు చాలు. వంటింటి గడప దగ్గర గీత గీస్తే గెలుపు ఇండక్షన్‌దే.

ఇప్పుడు గీతను బొగ్గు కుప్ప దాకా జరుపుదాం. ఆ 0.19 యూనిట్లు ఇంటికి చేరే దారిలో లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో సుమారు 15 శాతం పోతుందనుకుంటే విద్యుత్ కేంద్రం నుంచి 0.23 బయల్దేరాలి. థర్మల్ కేంద్రం దక్షత 36 శాతమైతే బొగ్గులో 0.63 యూనిట్ల వేడి కాలాలి. గ్యాస్‌కు రిఫైనరీ, రవాణా ఖర్చులు కొంత కలిపినా ఇంత కాదు. ఇక్కడ గెలుపు గ్యాస్‌ది. అదే కరెంటు సోలార్ నుంచో శ్రీశైలం జలవిద్యుత్తు నుంచో వస్తే ఈ లెక్క మళ్లీ తిరగబడుతుంది.

జేబు దగ్గర గీత గీస్తే మూడో జవాబు. 14.2 కిలోల సిలిండర్ 900 రూపాయలనుకుంటే 19 గ్రాములకు సుమారు 1 రూపాయి 20 పైసలు. ఇండక్షన్‌కు యూనిట్ 6 రూపాయల స్లాబులో ఉన్న ఇంట్లో 1 రూపాయి 15 పైసలు, 9 రూపాయల స్లాబుకు ఎక్కిన ఇంట్లో 1 రూపాయి 70 పైసలు. కరెంటు పొయ్యి వాడకం వల్లే ఇల్లు పై స్లాబుకు ఎక్కవచ్చు. ఈ సంగతి పొయ్యి డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు.

బొగ్గు కేంద్రం 36 దగ్గరే ఎందుకు ఆగుతుంది

ఒక యూనిట్ అంటే వేడి లెక్కలో 860 కిలోకేలరీలు. ఒక కేంద్రం యూనిట్ తయారు చేయడానికి 2400 కిలోకేలరీల బొగ్గు కాలిస్తే దక్షత 860ని 2400తో భాగించినంత, అంటే 36 శాతం. కిలోకు 3600 కిలోకేలరీలిచ్చే బొగ్గయితే యూనిట్‌కు 670 గ్రాములు. మూడింట రెండు వంతులు పోతోందంటే ఇంజినీర్ల చేతగానితనం అనిపిస్తుంది. కానీ అందులో పెద్ద భాగం ప్రకృతి పెట్టిన హద్దు.

వేడిని కదలికగా మార్చే ఏ యంత్రానికైనా ఒక పైమెట్టు ఉంటుందని ఫ్రెంచి ఇంజినీరు సాదీ కార్నో 1824లోనే చూపించాడు. వేడి ఎక్కడి నుంచి వస్తోంది, చివరికి ఎక్కడ వదులుతున్నాం అన్న రెండు ఉష్ణోగ్రతలే ఆ మెట్టును నిర్ణయిస్తాయి. 540 డిగ్రీల ఆవిరి, దాన్ని చల్లార్చి నీళ్లు చేసే 40 డిగ్రీల కండెన్సర్ అయితే, 273 కలిపి చెప్పే కెల్విన్ కొలతలో 813, 313. ఈ రెంటి తేడా 500ని 813తో భాగిస్తే గరిష్ఠ దక్షత 61 శాతం. ఒక్క రాపిడి కూడా లేని ఊహా యంత్రానికైనా అంతకు మించదు. నిజమైన కేంద్రంలో చిమ్నీ గుండా పోయే వేడి, టర్బైన్ నష్టాలు, సొంత పంపులు, బొగ్గు మిల్లుల వాడకం కలిసి అది 36కు దిగుతుంది. ఎక్కువ వేడి కండెన్సర్ నీటిలోకే పోతుంది. కూలింగ్ టవర్ల నుంచి తెల్లగా లేచేది పొగ కాదు, ఆ వేడిని మోసుకుపోతున్న ఆవిరి.

ఆవిరి పీడనం, వేడి పెంచితే మెట్టు కాస్త పైకి జరుగుతుంది. కృష్ణపట్నంలోని 800 మెగావాట్ల సూపర్‌క్రిటికల్ యూనిట్ల వెనక ఉన్న ఆలోచన ఇదే. గ్యాస్ టర్బైన్ వదిలిన వేడితో మళ్లీ ఆవిరి టర్బైన్ తిప్పే కంబైన్డ్ సైకిల్ కేంద్రాలు 50 శాతం దాటుతాయి. గోదావరి తీరంలో అలాంటివి చాలానే కట్టారు. కేజీ బేసిన్ గ్యాస్ అనుకున్నంత రాకపోవడంతో 2013 తర్వాత వాటిలో చాలా వరకు ఖాళీగా పడి ఉన్నాయి. దక్షతలో అవి బొగ్గు కేంద్రాల కన్నా ఎంతో మెరుగు, కానీ లోపలికి వేయడానికి సరుకే లేదు. విద్యుత్ చర్చల్లో ఈ ఉదాహరణను ఇంకా ఎక్కువగా గుర్తు చేసుకోవాలని నా అభిప్రాయం.

ఏసీ 100 శాతం ఎలా దాటుతుంది

ఒక యూనిట్ కరెంటు తీసుకుని ఏసీ ఐదు యూనిట్ల చల్లదనం ఇస్తే శక్తి పుట్టుకొచ్చినట్టు కాదా? కాదు. హమాలీ బియ్యం బస్తాలను లోపలి నుంచి బయటికి మోస్తాడు, బియ్యాన్ని తయారు చేయడు. ఏసీ కూడా గదిలో ఉన్న వేడిని బయటికి మోస్తుంది. మోసిన వేడి ఐదు యూనిట్లు, మోయడానికి అయిన ఖర్చు ఒక యూనిట్, బయట పెట్టిన ఏసీ పెట్టె దగ్గర వెలువడేది ఆరు యూనిట్ల వేడి. శక్తి లెక్క సరిపోయింది. గదిలోని వేడిని ‘లోపలికి ఇచ్చింది’ కింద లెక్కపెట్టలేదు కాబట్టే 500 కనిపించింది. అందుకే దీన్ని దక్షత అనకుండా నిష్పత్తిగానే చెబుతారు.

లేబుల్ మీది అంకె సీజన్ మొత్తానికి సగటు. 24 నుంచి 43 డిగ్రీల బయటి వేడికి, ఏడాదికి 1600 గంటల వాడకానికి, నక్షత్రాల లేబుళ్లు ఇచ్చే కేంద్ర సంస్థ బీఈఈ దాన్ని లెక్కగడుతుంది. రామగుండంలో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటినప్పుడు అదే ఏసీ అంత వేడిని అంత తేలిగ్గా మోయలేదు. అంటే ఏసీ అవసరం ఎక్కువున్న గంటల్లోనే దాని నిష్పత్తి తక్కువ.

సోలార్ ప్యానెల్ 21 శాతానిది దీనికి ఎదురు కథ. ఎండకు ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి పోయిన 79 శాతానికి బిల్లు లేదు. అక్కడ దక్షత చెప్పేది ఎంత చోటు కావాలన్నదే. చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో ఒక కిలోవాట్ రావాలంటే 21 శాతం ప్యానెల్‌కు 4.8 చదరపు మీటర్లు చాలు, 15 శాతం ప్యానెల్‌కు 6.7 కావాలి. డాబా చిన్నదైతే ఈ తేడా పెద్దది, ఎకరం బీడు ఉన్నవారికి ఏమంత కాదు.

బోరు మోటారు: నీళ్లు ఎత్తడానికి పట్టేది మూడో వంతే

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క ఎక్కువగా తగలాల్సింది పొలానికే. అక్కడే ఎవరూ వేయరు.

నీటిని 60 మీటర్లు, అంటే దాదాపు 200 అడుగులు పైకి తెచ్చే బోరు తీసుకుందాం. గంటకు 9000 లీటర్లు పోస్తోంది. ఆ నీటిని ఆ ఎత్తుకు చేర్చడానికి సిద్ధాంతరీత్యా కావలసింది గంటకు 1.47 యూనిట్లు. 5 హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ 4.5 యూనిట్లు లాగుతుంటే దక్షత 33 శాతం. మిగిలిన మూడు యూనిట్లలో మోటారు వైండింగ్ వేడికి సుమారు 0.9 పోతుంది, పంపు రెక్కల దగ్గర, పైపులో రాపిడికి 2.1 దాకా పోతుంది. కాలిన మోటారును నాసిరకం తీగతో రీవైండింగ్ చేయిస్తే, చివరి ట్రాన్స్‌ఫార్మర్ కింద లో వోల్టేజీ ఉంటే మొదటి అంకె పెరుగుతుంది. బోరు లోతుకు తగని పంపు దించితే రెండోది పెరుగుతుంది.

పైపు సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. పైపులో రాపిడి నష్టం దాని వెడల్పు ఐదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. రెండు అంగుళాల పైపు తీసి రెండున్నర అంగుళాలది వేస్తే, అంతే నీటికి రాపిడి మూడో వంతుకు పడిపోతుంది. మోటారు మార్చకుండానే వచ్చే లాభం ఇది.

పంపుసెట్టు 50 శాతానిదైతే పై పనికి 4.5 బదులు 2.9 యూనిట్లు చాలు. మరి అందరూ ఎందుకు మార్చరు? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటలూ ఉచితం. పంపు కొనేది రైతు, ఆదా అయ్యేది కరెంటు పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు), సబ్సిడీ కట్టే ప్రభుత్వానికి. గీతకు ఇటువైపు ఉన్నవారి ఖర్చు అటువైపు ఉన్నవారికి లాభం. రైతుకు మిగిలే లాభం మోటారు తక్కువ కాలడం, నీళ్లు కాస్త ఎక్కువ రావడం.

ఆ ‘నీళ్లు ఎక్కువ రావడం’ దగ్గరే ఇంకో చిక్కుంది. మెరుగైన పంపు గంటకు ఎక్కువ నీరు తోడుతుంది. ఆటో స్టార్టర్ పెట్టి వదిలేస్తే కరెంటు ఉన్నంతసేపూ తిరుగుతుంది. యూనిట్‌కు వచ్చే నీరు పెరుగుతుంది గానీ మొత్తం వాడిన యూనిట్లు తగ్గకపోవచ్చు, భూగర్భ జలం మాత్రం ఇంకా కిందికి పోతుంది. ఆవిరి యంత్రాలు మెరుగుపడ్డాక ఇంగ్లండులో బొగ్గు వాడకం పెరిగిందే తప్ప తగ్గలేదని విలియం స్టాన్లీ జెవన్స్ 1865లో గమనించింది ఇదే. వరి వదిలి బిందు సేద్యంతో కూరగాయలు వేసిన చోట అదే పంపు కథ వేరుగా ఉంటుంది. కాబట్టి దక్షత పెరిగితే ఆదా వచ్చి తీరుతుందన్నదీ, అసలు రాదన్నదీ రెండూ తొందరపాటు మాటలే.

పొలం మోటార్లకు మీటర్లు పెట్టాలా వద్దా అన్న గొడవ కూడా ఈ లెక్కకు సంబంధించిందే. మీటరు లేకపోతే లోపలికి వెళ్లిన శక్తి ఎంతో తెలియదు, అంచనానే రాస్తారు. లైన్ల నష్టాలు, దొంగ కరెంటు కూడా వ్యవసాయ ఖాతాలో కలిసిపోయే వీలుంటుంది. విద్యుత్ రంగం తెలిసినవారి వాదన ఇది. ఇవాళ మీటరు పెడితే రేపు బిల్లు వస్తుందన్నది రైతుల భయం. ఆ భయం ఊరికే పుట్టలేదు. బిల్లులు కట్టలేక కనెక్షన్లు పోగొట్టుకున్న రోజులు వాళ్లకు గుర్తున్నాయి. నా దృష్టిలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కొలిచినా లెక్క చాలావరకు తేలుతుంది, రైతు పేరు మీద బిల్లు పుట్టదు.

బ్యాటరీ బండి, పెట్రోలు బండి

లీటరు పెట్రోలులో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. 50 కిలోమీటర్ల మైలేజీ ఇచ్చే స్కూటర్ 100 కిలోమీటర్లకు 18 యూనిట్లు కాలుస్తుంది. బ్యాటరీ స్కూటర్‌కు అదే దూరానికి 3 యూనిట్లు. ఇక్కడితో ఆపితే ఆరు రెట్ల తేడా. ‘ఆ కరెంటూ బొగ్గుదేగా’ అన్న అభ్యంతరం న్యాయమైనదే కాబట్టి గీతను వెనక్కి జరుపుదాం. చార్జింగ్ నష్టాలతో 3.5, లైన్ల నష్టంతో 4.1, బొగ్గులో చూస్తే 11.5 యూనిట్లు. మొత్తం బొగ్గు కరెంటే అనుకున్నా 18 కన్నా తక్కువే, తేడా మాత్రం బాగా తగ్గింది.

కార్బన్ లెక్కలో ఇంకా దగ్గరవుతాయి. రెండు లీటర్ల పెట్రోలు నుంచి సుమారు 4.6 కిలోల కార్బన్ డయాక్సైడ్. పూర్తిగా బొగ్గు కరెంటయితే 4 కిలోలు. జల, సోలార్, పవన విద్యుత్తు కలిసిన దేశ సగటు తీసుకుంటే 3 కిలోల లోపు. బ్యాటరీ తయారీలో అయ్యే కార్బన్‌ను కూడా కలపాలనేవారి మాట సబబే. బండి ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగితే ఆ అప్పు తీరుతుందన్నది వాడకాన్ని బట్టి ఉంటుంది. రోజూ తిరిగే డెలివరీ బండికి త్వరగా తీరుతుంది, నెలకోసారి తీసే బండికి తీరదు.

నీటిని పైకి ఎత్తడం: నష్టమని తెలిసీ ఎందుకు

కాళేశ్వరం మీద వాదనల్లో కరెంటు ఖర్చు తరచూ వస్తుంది. నీటిని ఎత్తడం మొదలయ్యే మేడిగడ్డ నీటిమట్టం 100 మీటర్లు, బాగా ఎత్తున ఉన్న కొండపోచమ్మ సాగర్ జలాశయానిది 618 మీటర్లు. ఒక టీఎంసీ అంటే 2.83 కోట్ల ఘనపు మీటర్లు. దాన్ని 518 మీటర్లు ఎత్తాలంటే సిద్ధాంతరీత్యానే 4 కోట్ల యూనిట్లు కావాలి, 80 శాతం దక్షతతో 5 కోట్లు. టీఎంసీకి 10 వేల ఎకరాలనే వాడుక లెక్కతో ఎకరాకు 5 వేల యూనిట్లు. 318 మీటర్ల మట్టమున్న మిడ్ మానేరు దాకానే అయితే ఎకరాకు సుమారు 2,100.

ఇక్కడ గమనించాల్సింది, ఈ పథకంలోని గాయత్రి పంప్‌హౌస్‌లో ఉన్న 139 మెగావాట్ల పంపులు చెడ్డ యంత్రాలు కావు. పొలంలోని బోరు పంపు కన్నా వాటి దక్షత రెండు రెట్లకు పైనే. ఖర్చంతా ఎత్తుది. ఎంత గొప్ప పంపు పెట్టినా 4 కోట్ల కిందికి దిగదు. ఈ ఖర్చుకు పండే పంట విలువ సరిపోదని విమర్శకులంటారు. తాగునీరు, చెరువులు నిండడం, భూగర్భ జలం పెరగడం, వలసలు ఆగడం కూడా ఫలితం కింద రాయాలని సమర్థకులంటారు. దేన్ని ఫలితంగా లెక్కపెట్టాలన్నది పంపు తయారుచేసినవాడు చెప్పగలిగేది కాదు, ఆ ప్రాంతంలో బతికేవాళ్లు, పన్ను కట్టేవాళ్లు తేల్చుకోవాల్సింది. 2023 అక్టోబరులో మేడిగడ్డ పియర్లు కుంగడం కట్టడానికి సంబంధించిన వేరే సమస్య. దాన్ని ఈ లెక్కతో కలిపితే రెండూ అర్థం కావు.

నీటిని ఎత్తి మళ్లీ కిందికే వదిలే పంప్డ్ స్టోరేజీ ఇంకా వింతగా కనిపిస్తుంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, రెండు వైపులా తిరిగేలా ఉన్నాయి. నంద్యాల జిల్లా పిన్నాపురం ప్రాజెక్టు 1,680 మెగావాట్లది. 100 యూనిట్లు పెట్టి నీటిని పైకి తోస్తే తిరిగి వచ్చేది 75 నుంచి 80 యూనిట్లు. ప్రతి రోజూ ఐదో వంతు పోగొట్టుకునే కేంద్రం అన్నమాట.

కానీ మధ్యాహ్నం యూనిట్, సాయంత్రం ఏడింటి యూనిట్ ధరలో ఒకటి కావు. మధ్యాహ్నం సోలార్ కరెంటు పొంగిపొర్లుతున్నప్పుడు 3 రూపాయలకు 100 యూనిట్లు కొన్నామనుకుందాం, ఖర్చు 300. ఊళ్లన్నీ లైట్లు, ఏసీలు వేసుకునే వేళకు తిరిగొచ్చిన 78 యూనిట్లు 8 రూపాయల చొప్పున అమ్మితే 624. మధ్యాహ్నం, సాయంత్రం ధరల తేడా రెండు రూపాయలకు తగ్గితే, 5 చొప్పున 390 వస్తుంది. మిగిలే 90 రూపాయల్లోంచే ప్రాజెక్టు అప్పు, నిర్వహణ చూసుకోవాలి. అప్పుడు ఆ పోయిన 22 యూనిట్లు కళ్లకు బాగా కనిపిస్తాయి. లిథియం బ్యాటరీలు 85 నుంచి 90 శాతం తిరిగిస్తాయి కాబట్టి అవే మేలనేవారున్నారు. బ్యాటరీ ఆయుష్షు పది, పదిహేనేళ్లు, కొండ మీది జలాశయం నలభై ఏళ్లు దాటుతుందని అటువైపు వారి జవాబు. ఒక రోజు లెక్క వేస్తే బ్యాటరీ ముందుంటుంది, నలభై ఏళ్ల లెక్కలో దాన్ని కనీసం రెండుసార్లు మార్చే ఖర్చు కలపాలి. అయితే బ్యాటరీల ధర పడిపోతున్న తీరు చూస్తే, రెండోసారి మార్చే నాటికి ఆ ఖర్చు ఎంత ఉంటుందన్నదే ఈ రెండు పక్షాల మధ్య అసలు తేలని అంకె.